గోడ కన్నంలో ఊచ

మా బావగారిని వీధిలో అందరూ ‘ఇంకో వారం’ అంటారు. ఆ పేరు పెట్టింది నేనేనని ఆయన అనుమానం. నేను కాదు గాని, పెట్టినవాళ్ళ నోట్లో పంచదార పొయ్యాలి. మొక్కజొన్న ధర పడటం మొదలైన రోజు నుంచి ఆయన నోట వేరే మాట లేదు.

“ఇంకో వారం చూద్దాం. ఎక్కడికి పోతుంది, మళ్ళీ లేస్తుంది,” అనేవారు. వారం తిరిగేసరికి ధర ఇంకాస్త పడేది. ఆయన మాత్రం పట్టిన పట్టు వదిలేవారు కాదు.

ఆయన పంట ఆయన ఇష్టం, నాకేం పోయింది అనుకోవడానికి లేదు. మా రెండిళ్ళ గింజలూ ఒకే గోదాములో, ఒకే కుప్పగా ఉన్నాయి. అన్నదమ్ములు విడిపోయినప్పుడు పొలం మధ్య గట్టు వేశారు, ఇంటి మధ్య గోడ కట్టారు, గోదాము మాత్రం పంచుకోలేక తలుపుకి రెండు తాళాలు బిగించారు. ఒక తాళంచెవి ఆయన జేబులో, ఒకటి నా తలగడ కింద. మా ఆయన పోయి రెండేళ్ళయింది. ఈ పంట అమ్ముకుంటేనే వచ్చే ఏడు నా చేను నేను దున్నించుకోగలను. లేదంటే బావగారికి కౌలుకివ్వాల్సిందే. ఆయన దానికోసమే కాచుకుని కూర్చున్నారని నా గట్టి నమ్మకం.

గోదాము వెనక గోడకి అరచెయ్యంత కన్నం ఉంది. అందులోంచి ఒక పొడవాటి ఇనుప ఊచ కుప్ప నడిమధ్యకి దూర్చి ఉంటుంది. అది మా మామగారు పెట్టిన పద్ధతి. మాటిమాటికీ తలుపు తీస్తే గింజకి గాలిలో తేమ తగులుతుందని ఆయన బెంగ. పొద్దున్నే ఊచ బయటికి లాగి, కొస పిడికిట్లో పట్టుకుంటే చాలు. చల్లగా ఉంటే గింజ బాగున్నట్టు. వేడిగా ఉంటే కుప్ప లోపల కాగుతున్నట్టు. వెంటనే బయట పోసి ఆరబెట్టాలి, లేదా అమ్మెయ్యాలి. ఈసారి మబ్బు పట్టిందని రెండెండలు తక్కువగానే లోపల పోశాం కూడా.

ధర మూడోసారి పడిన రోజు ఆయన గుమ్మం ముందు నిలబడ్డాను.

“బావగారూ, నా సగం నేనమ్ముకుంటాను. మీ తాళం తియ్యండి చాలు.”

“కుప్ప మీద గీత గీసుందా, ఇది నీది, ఇది నాది అని? అమ్మితే మొత్తం అమ్మాలి. ఇప్పుడు నేనమ్మను.”

“ఈలోగా పాడైపోతే?”

“పాడైతే ఊచ చెబుతుందిలే. నువ్వు చెప్పక్కర్లేదు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. సరే, ఊచ చేతే చెప్పిద్దాం అనుకున్నాను. మర్నాడు ఆయన లేవకముందే ఊచ లాగి, నీళ్ళు కాచే పొయ్యిలో కొస పెట్టి, కాస్త వేడెక్కాక తీసుకెళ్ళి మళ్ళీ కన్నంలో దూర్చాను. ఆ పని చేసినందుకు సిగ్గుపడుతున్నాను. మసి తుడవనందుకు అంతకన్నా ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

ఆయన వచ్చి ఊచ పట్టుకున్నారు. అరచెయ్యి చూసుకున్నారు. ఆ నల్లటి చేత్తోనే వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిరిగి, కనబడ్డ ప్రతివాళ్ళకీ చూపించారు. “మా మరదలి వంటకం, చూడండి!” అంటూ ఒకటే నవ్వు. మా తోడికోడలు గోడ మీద మోచేతులు ఆనించి మరీ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. చచ్చినా ఇక ఆ ఊచ ముట్టుకోననీ, ఆయనతో మాట్లాడననీ ఒట్టు పెట్టుకున్నాను.

పదిరోజులు ఆయనా ఏమీ అనలేదు. ఆ తర్వాత మొదలుపెట్టారు. రోజూ పొద్దున్నే గోదాము వెనక నుంచి వస్తూ మా వాకిలి ముందు ఆగి, వీధంతా వినేటట్టు అరిచేవారు.

“కట్టెలు దండగ చెయ్యకు తల్లీ! నేనమ్మను!”

పాత సంగతే తవ్వుతున్నారనుకుని పళ్ళు కొరుక్కునేదాన్ని. ఒక్కసారి బయటికి వచ్చి ‘ఏ కట్టెలు?’ అని అడిగితే పోయేదేముంది? కానీ అడగలేదు. తలుపు ధడాలున వేసేదాన్ని, ఆయనకి వినబడాలని.

నెలతిరిగేసరికి ధర సగానికి వచ్చింది. చివరికి ఆయనకే భయం పట్టుకుంది. “రేపు వ్యాపారి లారీ తెస్తున్నాడు, నీ తాళంచెవి తెమ్మన్నారు,” అని తోడికోడలు మొహం అటు తిప్పుకుని చెప్పింది. గెలిచింది నేనేనని ఆ పూట కడుపునిండా తిన్నాను.

రెండు తాళాలూ తీశాం. తలుపు తెరవగానే పులిసిన కంపు గుప్పుమంది. వ్యాపారి కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. అతని పిడికిట్లో గింజలు నల్లబడి, బూజు పట్టి ముద్దగా ఉన్నాయి.

“ఎన్నాళ్ళ నుంచి కాగుతోందండీ ఇది? కోళ్ళకి కూడా పనికిరాదు. ఎరువులో కలుపుకోండి,” అని ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు.

నేను బావగారి మీద విరుచుకుపడ్డాను. “రోజూ ఊచ పట్టుకుని చూస్తున్నారుగా! ఆ చేతికేమైనా రోగమొచ్చిందా?”

“చూశాను. ఇరవై రోజులుగా వేడిగానే ఉంది.”

“ఉంటే?”

“నువ్వే కాల్చి పెడుతున్నావనుకున్నా. ఈసారి మసి తుడిచి మరీ పెడుతున్నావనుకున్నా. రోజూ నీ వాకిట్లో అరిచానుగా, కట్టెలు దండగ చెయ్యకని!”



“ఆ రోజు తర్వాత నేను దాన్ని ముట్టుకోలేదు.”

“ఆ ముక్క అప్పుడే ఏడవొచ్చుగా?”

“మీరు అప్పుడే తలుపు తీసి చూడొచ్చుగా?”

“రెండో తాళంచెవి నీ దగ్గరుంది. వచ్చి నిన్ను బతిమాలాలా నేను?”

నేను గోడ వెనక్కి వెళ్ళి ఊచ లాగాను. పట్టుకోలేక గుడ్డ చుట్టి తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని తాకలేదు. మెడ చాచి మా పొయ్యి వైపు చూశారు. ఆ పొద్దు నేనింకా పొయ్యే వెలిగించలేదు.

నా చేను కౌలుకి తీసుకునే స్తోమత ఆ ఏడు ఆయనకీ లేకపోయింది. మా ఇద్దరి చేలూ ఆ వ్యాపారే తీసుకున్నాడు. ట్రాక్టరు తిరగడానికి అడ్డంగా ఉందని మొదటి రోజే మధ్యలో గట్టు దున్నించేశాడు.