ఏమైనా నొక్కావా, వదినా?

కంప్యూటర్లు బాగుచేసే వాళ్ళందరి నోట్లో ఒక మాట నానుతూ ఉంటుంది. "ఆ మధ్య ఏమైనా నొక్కారా?" తప్పు ఎవరిదైనా సరే, ముందు ఆ మాట అనేస్తే సగం బరువు ఎదుటివాళ్ళ నెత్తికెక్కుతుంది. పదిహేనేళ్ళుగా నేను ఆ మాట మీదే బతుకుతున్నాను.

మా వదిన మెట్ల కింద గదిలో ఎంబ్రాయిడరీ మిషను పెట్టుకుంది. నర్సుల కోట్ల మీద పేర్లు, స్కూలు బ్యాడ్జీలు, పసిపిల్లల దుప్పట్ల మీద కుందేళ్ళు కుడుతుంది. ప్రతి డిజైనూ తనే కూర్చుని మౌసుతో గీసుకుంటుంది. ఆరేళ్ళలో తొమ్మిది వందల పైచిలుకు అయ్యాయి. చిక్కల్లా ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చింది. మిషను బాగా పాత వెర్షన్‌తో తప్ప పలకదు. స్కానరుకు మధ్య వెర్షన్ కావాలి. కస్టమర్ల మెయిళ్ళకు కొత్తది కావాలి. ఆ గదిలో చూస్తే రెండో కంప్యూటరుకు చోటు లేదు.

"ఒక్క హార్డ్ డిస్కులోనే మూడూ పెడతా. ఆన్ చేయగానే ఏది కావాలని అదే అడుగుతుంది. నీకు కావలసింది నొక్కుకోవడమే," అన్నాను.

"మూడూ కొట్టుకోవూ అమ్మా?"

"తోడికోడళ్ళా ఏంటి కొట్టుకోడానికి? ఎవరి గది వాళ్ళది. ఒకటి లేస్తే మిగతా రెండూ పడుకునే ఉంటాయి."

వదిన నవ్వింది. "మా ఇంజినీరమ్మ చెప్పిందంటే ఇక చూసుకోనక్కర్లేదు," అంటూ టీ పెట్టడానికి వెళ్ళింది.

డిస్కులో నాలుగు భాగాలున్నాయి. పాత వెర్షన్‌కొకటి, కొత్తదానికొకటి, డిజైన్లకొకటి, మధ్యదాన్ని ఎక్కించడానికి ఖాళీగా ఒకటి. ఇక్కడో మెలిక ఉంది. ఏ వెర్షన్ లేస్తే అది ఈ భాగాలకు తన ఇష్టమొచ్చిన అక్షరాలు పేర్లుగా పెట్టుకుంటుంది. పాతదానిలో 'డి' అంటే ఖాళీ భాగం. కొత్తదానిలోంచి చూస్తే 'డి' అంటే డిజైన్ల భాగం. ఈ సంగతి నాకు తెలియక కాదు, ఈ పనిలో అడుగుపెట్టిన మొదటి వారంలోనే నేర్చుకున్నాను. అయినా పాతదానిలో చూసి 'డి ఖాళీ' అనుకుని, కొత్తదానిలోకి వెళ్ళి 'డి'ని తుడిచేశాను. లోపల ఏముందో తెరిచి చూడలేదు. వంటగదిలో వదినకు వినబడేలా గొప్పలు చెప్పడంలో మునిగిపోయి ఉన్నాను. తుడవడంతో ఆగినా తిప్పలు పడి వెనక్కి తెచ్చేదాన్నేమో, దాని మీదే మధ్య వెర్షన్ కూడా ఎక్కించేశాను. కాపీ తీసుకోని కస్టమర్లను చెడామడా తిట్టే నేను, సొంత వదిన కష్టానికి కాపీ తీయలేదు.

వదిన టీ తెచ్చి పక్కన నిలబడింది. డిజైన్లు చూపిద్దామని తెరిచాను. ఒక్కటీ లేదు. నేను తుడిచింది ఏ 'డి'నో తెలిసిపోయింది. అప్పుడు నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది.

"ఆ మధ్య ఏమైనా నొక్కావా, వదినా?"

ఆమె మొహం పాలిపోయింది. "మొన్న దుమ్ము తుడుస్తుంటే చెయ్యి తగిలింది. తెర మీద ఏదో పెట్టె వచ్చింది. సరే అని ఉంటే నొక్కేశా. దానికేనంటావా అమ్మా?"

కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది. "అయ్యుండొచ్చు," అన్నాను.

ఆ రోజు నుంచి అన్నయ్యకు భోజనాల దగ్గర ఇదే పాట. "తెలియనివాటి మీద చేతులు ఎందుకు వెయ్యాలి? ఆరేళ్ళ కష్టం మట్టిపాలు చేసుకున్నావు." వదిన తలొంచుకుని వడ్డించేది. ఒకరోజు నేనూ అక్కడే తింటున్నాను. అయినా నోరు విప్పలేదు.

పదకొండో రోజు పొద్దున్నే వదిన ఫోన్ చేసింది. "ఏమనుకోకమ్మా, ఒక్కసారి వచ్చి కంప్యూటర్ ఆన్ చేసి వెళ్తావా? నేను ముట్టుకుంటే మళ్ళీ ఏం పోతుందోనని భయంగా ఉంది."

వెళ్ళాను. బల్ల నిండా ట్రేసింగ్ కాగితాలే. పోయిన డిజైన్లన్నీ పెన్సిలుతో మళ్ళీ గీస్తోంది. చెరిపి చెరిపి ఒక కుందేలు చెవి దగ్గర కాగితం చిరిగిపోయింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కంప్యూటర్ ముందు కూర్చున్నాను గాని, స్విచ్ మీదికి చెయ్యి పోలేదు.

"నువ్వేం చెయ్యలేదు వదినా. తుడిచేసింది నేను. నాకు ఆ రోజే తెలుసు."

వదిన పెన్సిలు కింద పెట్టింది. డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో బూట్లు వేసుకుంటున్న అన్నయ్య అందుకున్నాడు. "పోనీలేవే, కావాలని చేశావా ఏంటి. పొరపాట్లు అందరికీ జరుగుతాయి."

నన్ను కాపాడదామనే అన్నాడు. రెండు లెంపకాయలు కొట్టినా ఇంతకంటే నయంగా ఉండేది.

వదిన అతని వైపు తిరిగింది. "నా చెయ్యి తగిలిందనుకుని పదకొండు రోజులు అన్నారు. ఇప్పుడు అందరికీ జరుగుతాయా?"

అన్నయ్య తలెత్తకుండా లేసు ముడి వేసుకుంటూ ఉండిపోయాడు.

తర్వాత ఆమె నాతో, "లే," అంది. ఈ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆడపడుచునని నన్ను "అమ్మా" అనకుండా ఒక్క మాట అనలేదు. లేచాను. ఆమె కూర్చుని స్విచ్ తనే వేసింది. తెర మీద మూడు వెర్షన్ల పేర్లు వచ్చాయి. పాతదాన్ని నొక్కింది.

"డిజైన్లు ఏ భాగంలో దాచుకోవాలి?"

"పాతదానిలో అయితే డి," అన్నాను.

కాగితం దగ్గర పెట్టుకుంది గాని, నేను చెప్పింది రాసుకోలేదు. ఒక్కో భాగం తెరిచి, లోపల ఏముందో తన కళ్ళతో చూసి, అప్పుడు రాసుకుంది. నేను వెనకే నిలబడి ఉన్నాను. ఆమె కూర్చోమనలేదు. కూర్చుంటానని అడిగే మొహం నాకూ లేదు.