రెండు తాళంచెవుల పెట్టె

నోరు గరుకని చిన్నప్పుడే ఆమెకు ఆకురాయి అని పేరు పెట్టేశారు. ఇనుమును అరగదీసే ఆకురాయి ఆ ఇంట్లో రోజూ చేతిలో ఆడే పనిముట్టే కాబట్టి ఆమె ఆ పేరును తిట్టు కింద జమకట్టలేదు. తండ్రి కూడా అలాగే పిలిచేవాడు. అలాంటి మనిషి ఆ ఉదయం అద్దె హాలు గుమ్మంలో పెదవి విప్పకుండా నిలబడింది. ఆమె సంచిలో ఒక కొత్త తాళంచెవి ఉంది. అది తిరుగుతుందో లేదో ఆమెకు తెలియదు, పక్కనే చేతికర్ర పట్టుకుని నిలబడ్డ తండ్రికీ తెలియదు. తిరగకపోతే మాత్రం ఆయన వచ్చిన దారినే వెళ్లిపోవాలి, ఈసారి అందరూ చూస్తుండగా.

ఆ రోజుతో తాతయ్య పుట్టి నూరేళ్లు. ఆయన తాళాల మేస్త్రి. తాతయ్య చేసిన తాళం ఓడిపోవడం ఎవరూ చూడలేదని ఆ వంశంలో పాలు తాగే పిల్లాడు కూడా చెబుతాడు. ఇప్పుడు ఆ పని చేసేవాళ్లు ఎంతమంది మిగిలారయ్యా అంటే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకరు గుమాస్తా, ఒకరు డ్రైవరు, ఒకరు మందుల షాపు. అయినా గొప్ప చెప్పుకోవడానికి పని రావాలా ఏం? అందరూ ఇస్త్రీ బట్టలు వేసుకుని హాలు నిండా చేరారు.

గోడకు పెద్ద తెల్లకాగితం కట్టి ఉంది. పెదనాన్న కూతురు, బళ్లో టీచరు, ఊళ్లు తిరిగి ముసలివాళ్లను అడిగి అడిగి ఆ వంశవృక్షం గీసింది. పైన తాతయ్య. ఆయన కింద రెండు కొమ్మలు. పెదనాన్న కొమ్మ నల్ల ఇంకుతో దట్టంగా ఉంది. నాన్న కొమ్మ పెన్సిలు గీత. దూరం నుంచి చూస్తే అది ఉన్నట్టే లేదు.

"పెట్టె తెరుచుకున్నాక ఇంకు పెడతాను చెల్లీ. మా నాన్న పెట్టిన షరతు, నన్నేం చెయ్యమంటావు?" అని అక్క ముందే ఫోనులో ఏడ్చినంత పని చేసింది.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. చివరి రోజుల్లో తాతయ్య ఒక ఇనప్పెట్టె చేశాడు. దానికి ఎడమ పక్కన ఒక బెజ్జం, కుడి పక్కన ఒక బెజ్జం. రెండు తాళంచెవులూ ఒకేసారి తిరిగితేనే మూత లేస్తుంది. అప్పటికి తాతయ్య చూపు తగ్గింది. అందుకని తాళంచెవుల పళ్లు చిన్నకొడుకు చేత కోయించాడు. ఎడమది చిన్నవాడికి, కుడిది పెద్దవాడికి ఇచ్చి, ఇద్దరూ కలిసి తెరవండి, ఒక్కడే తెరవబోయినవాడు నా కొడుకు కాడు అన్నాడు. అని, కొన్నాళ్లకు ఆయన దారిన ఆయన పోయాడు.

ఆ తర్వాత అన్నదమ్ములకు చెడింది. తాతయ్య తాళాల షాపులో ముందు బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలి అన్న చోట మొదలై, ఎక్కడెక్కడికో పోయింది. చివరికి ఒకరోజు చిన్నవాడు తన తాళంచెవిని అన్న ఎదుటే పట్టకారులో బిగించి, ఆకురాయితో పళ్లన్నీ నున్నగా అరగదీసి, బల్ల మీద పారేసి వెళ్లిపోయాడు. కోపం వస్తే ముందూ వెనకా చూసుకోని మనిషి. ఆ కోపానికి ఆయన ఎన్నేళ్లు ఏడ్చాడో కూతురికి తెలుసు.

పెదనాన్న మాత్రం ఊరుకోలేదు. పెళ్లికి పోయినా పరామర్శకు పోయినా అదే మాట. తండ్రి పెట్టెకు ద్రోహం చేశాడు, తాళంచెవి తెచ్చి తెరిచిన రోజే వాడు నా తమ్ముడు అనేవాడు. పళ్లు లేని తాళంచెవి ఎలా తెస్తాడని ఒక్కరైనా అడిగితేనా! ఆకురాయికి ఒళ్లు మండేది అక్కడే. కాళ్లు విరగ్గొట్టి పరిగెత్తమన్నట్టుంది ఈ పెద్దమనిషి షరతు అని ఆమె ఇంట్లో ఎన్నిసార్లు అందో.

ఈమధ్య నాన్న జబ్బుపడి లేచాడు. లేచాక ఆయనకు ఒకటే కోరిక పట్టుకుంది. అన్నయ్య పక్కన ఒక్కసారి కూర్చోవాలి. ఇంకేమీ వద్దు. చేతులు వణుకుతున్నాయి కాబట్టి తను కోయలేడు. మధ్యాహ్నాలు షాపు తలుపు ఓరగా మూసి, కళ్లు మూసుకుని, ఒక్కో పన్ను ఎత్తు కూతురికి చెప్పాడు. కాస్త తగ్గించు, ఇంకాస్త, ఆగు, అది చాలు. కోసిందీ అరగదీసిందీ ఒక్క చెయ్యే కాబట్టి ఏ పన్ను ఎంత ఎత్తుందో ఆ చేతికి గుర్తుందన్నాడు. ఆమె నమ్మింది. నమ్మక చేసేదేముంది?

పెదనాన్న వేదిక మీద పెద్ద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మెడలో చిన్న మఖమల్ సంచి, అందులో ఆయన తాళంచెవి. స్నానంలో కూడా తీయడని చెప్పుకుంటారు. తమ్ముణ్ని చూడగానే ఆయన మొహం పాలిపోయింది. తమ్ముడు తాళంచెవి తెచ్చాడని అక్క చెప్పగానే ఇంకా పాలిపోయింది. ముసలాయన సంతోషం పట్టలేకపోతున్నాడని ముందు వరసలో ఎవరో అన్నారు. ఆకురాయికి అది సంతోషంలా కనబడలేదు.

అప్పట్నుంచి ఆయన కాలం సాగదీయడం మొదలుపెట్టాడు. ముందు ప్రసంగాలన్నాడు. ప్రసంగాలయ్యాయి. ఫోటోలన్నాడు. అవీ అయ్యాయి. భోజనాలు కానివ్వండి, తర్వాత చూద్దాం అన్నాడు. చొక్కా మెడ దగ్గర చెమటకు తడిసిపోయింది. ఇదేమిటి, అనుమానం నా తాళంచెవి మీద ఉండాలి గానీ ఈయనకెందుకు ఈ ఆపసోపాలు అనుకుంది ఆకురాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి మాటిమాటికీ మెడలో సంచి మీదకే పోతోంది.

జనం ఒప్పుకోలేదు. పెట్టె పెట్టె అని గోల చేశారు. నలుగురు మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు. 

ఆకురాయి ఎడమ బెజ్జంలో కొత్త తాళంచెవి పెట్టింది.  లోపల మీటలు ఒక్కొక్కటే పంటికి తగిలి లేస్తున్నట్టు వేళ్లకు తెలుస్తోంది. ఒకటి మొరాయించింది. ఆమె కాస్త వెనక్కి లాగి మళ్లీ తోసింది. అదీ లేచింది. తండ్రి వైపు చూసి తల ఊపింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె తాళంచెవిని ఆయన చేతికిచ్చి పట్టుకోమంది. ఇక కుడి వైపే మిగిలింది.

పెదనాన్న లేచి వచ్చాడు. సంచిలోంచి తాళంచెవి తీసి, గుప్పిట్లో దాచుకున్నట్టే దాచుకుని బెజ్జంలో పెట్టాడు. అది సగం దూరం పోయి ఆగిపోయింది. ఆయన తొయ్యలేదు, తిప్పలేదు. మింగలేక కక్కలేక అలా నిలబడిపోయాడు.

"తుప్పు పట్టి ఉంటుంది. ఇంకోరోజు చూద్దాం," అన్నాడు.

"తాతయ్య తాళం తుప్పు పట్టదు పెదనాన్నా. ఒకసారి పక్కకు జరగండి," అంది ఆకురాయి.

ఆయన తాళంచెవి బయటికి తీసుకుని జరగక తప్పలేదు. ఆమె టార్చి వేసి వంగి చూసింది. బెజ్జం చివర, చీకట్లో, ఇత్తడి ముక్క ఒకటి ఇరుక్కుని మెరుస్తోంది. తాళంచెవి కొస. విరిగిన కొస. ఆమె తల తిప్పి పెదనాన్న చేతిలోది చూసింది. దానికి చివరి పన్ను లేదు.

ఆమెకు అంతా అర్థమైంది. తమ్ముడు వెళ్లిపోయాక ఈయన ఒక్కడే తెరవబోయాడు. తిప్పి తిప్పి విరగ్గొట్టాడు. ఆ విరిగింది మెడలో కట్టుకుని, ఇన్నేళ్లూ ఊరంతా తిరిగి నాన్నను ద్రోహి అన్నాడు. తమ్ముడి దగ్గర తాళంచెవి లేదు కాబట్టి పెట్టె దగ్గరికి ఎవరూ రారన్న ధీమాతోనే ఆ షరతు పెట్టాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క మాట చాలు. ఆ ముక్క తీసి హాల్లో అందరికీ చూపిస్తే చాలు. ఈ రోజు కోసమే కదా ఈ నోరు ఇంత గరుగ్గా పెరిగింది!

సన్న పట్టకారుతో ముక్కను బయటికి లాగింది. నోరు తెరిచింది కూడా. అప్పుడు తండ్రి చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది. ఆయన ముక్కను ఒక్కసారి చూశాడు. అన్న మొహాన్ని ఒక్కసారి చూశాడు.

"ఆ ముక్క నాది," అన్నాడు నాన్న, హాలంతా వినపడేట్టు. "వెళ్లిపోయే ముందు నేనొక్కణ్నే తెరవబోయాను. నా తాళంచెవే రెండో బెజ్జంలో కూడా పెట్టి తిప్పాను. కొస విరిగింది. ఆ మంటలోనే మిగతా పళ్లు అరగదీశాను."

ఆ ముక్క మీది పన్ను చూస్తే పని తెలిసినవాడెవడైనా ఆ మాట నమ్మడు. కానీ అక్కడున్నది గుమాస్తాలు, డ్రైవర్లు, మందుల షాపువాళ్లు. అందరూ నమ్మారు. ఆకురాయి తండ్రి వైపు పిచ్చిదానిలా చూసింది. ఆయన చేతి పట్టు ఇంకా బిగిసింది. పెదనాన్న నోరు విప్పలేదు. అదీ ఆమె చూసింది.

పెట్టె మాత్రం తెరవాలి కదా. ఆమె పళ్లు కొరుక్కుంటూ ఒక సన్న తీగ తీసింది. విరిగిన తాళంచెవి మిగతా మీటలన్నీ లేపింది. చివరి మీటను ఆమె తీగతో ఎత్తి పట్టుకుంది. కుడి పక్క పెదనాన్న, ఎడమ పక్క నాన్న, ఇద్దరూ ఒకేసారి తిప్పారు. మూత లేచింది.

లోపల బంగారం లేదు, కాగితం లేదు. మట్టసంగా కూడా లేని ఒక ఇనప తాళం ఉంది. బెజ్జం వంకర, కొక్కెం వంకర. వేస్తే పడదు, లాగితే చాలు ఊడొస్తుంది. తాతయ్య కుర్రతనంలో చేసిన మొట్టమొదటి తాళం అది. దాని గురించి ఒకప్పుడు చెప్పేవాడని, ఎక్కడ దాచాడో మాత్రం చెప్పలేదని నాన్న మెల్లగా అన్నాడు. ఓడిపోని తాళాల మేస్త్రి తన ఓడిపోయిన తాళాన్ని జీవితమంతా దాచుకుని, కొడుకులిద్దరూ కలిసి చూడాలనుకున్నాడన్నమాట.  కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు సగంలో ఆపేశారు.

అంతలో వెనక నుంచి ఒకాయన తాతయ్య మాట గుర్తుచేశాడు. ఒక్కడే తెరవబోయినవాడు నా కొడుకు కాడన్నాడు కదా, మరి ఆ పెన్సిలు గీత ఎందుకుంచాలి అన్నాడు. ఇలాంటి ఉపకారులు ప్రతి వంశంలోనూ ఒకరుంటారు. అక్క తన తండ్రి వైపు చూసింది. ఆయన నేల వైపు చూస్తున్నాడు. ఆమె రబ్బరు తీసుకుని, ఏడుస్తూ, నాన్న కొమ్మను చెరిపేసింది. ఆకురాయి కొమ్మ కూడా అందులోనే పోయింది.

ఆకురాయి వేదిక ఎక్కింది. పెదనాన్న కుడిచెయ్యి పట్టుకుని, ఆ ఇత్తడి ముక్క ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"ఇది మీది పెదనాన్నా. పారేసుకోకండి," అంది, ఆయనకు తప్ప ఎవరికీ వినపడకుండా.

భోజనాలకు లేచారు. తెరవడం ఎలాగూ అయింది కాబట్టి నాన్నను అన్న పక్కనే కూర్చోబెట్టారు. అనుకున్నది దక్కింది, ఎంత ఖరీదుకు దక్కిందో కూతురికి తెలుసు. ఆమె ఎదురుగా కూర్చుని అన్నం కెలుకుతోంది. నాన్న మాత్రం మెల్లగా కలుపుకుని తింటున్నాడు. పెదనాన్న విస్తరిలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఒళ్లో పెట్టుకున్నాడు. వడ్డించేవాళ్లు వచ్చి అడిగారు, ఆయన తల అడ్డంగా ఊపాడు. అటు పక్క నుంచి ఎవరో నలతగా ఉందా అన్నారు.  పక్క వరసలో వాళ్లు తినడం ఆపి చూడటం మొదలుపెట్టారు.

నాన్న తిరిగి చూశాడు.

"అన్నయ్యా, చెయ్యి తెరువు. అన్నం చల్లారిపోతోంది," అన్నాడు, చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాడి గొంతుతో.

పెదనాన్న పిడికిలి బల్ల మీదకు తెచ్చి తెరిచాడు. ఇత్తడి ముక్క అరచేతిలో గుర్తు పడేంతగా నొక్కుకుపోయి ఉంది. మెడలో సంచి తీసి, విరిగిన తాళంచెవి బయట పెట్టి, ముక్కను దాని కొసకు ఆనించాడు. రెండూ అతికినట్టు కలిశాయి. వరస మొత్తం చూసింది.

"విరగ్గొట్టింది నేను. వీడు కాదు," అన్నాడు పెదనాన్న. తర్వాత కూతుర్ని పిలిచాడు. "ఆ రబ్బరు ఇటు తే అమ్మా. చెరపాల్సింది నా గీత."

"మీది ఇంకుతో గీశాను నాన్నా," అంది అక్క, చెంపలు తుడుచుకుంటూ. "అది చెరగదు."

పెదనాన్న తమ్ముడి వైపు తిరిగాడు. 

"నాకు తెలుసులే అన్నయ్యా," అన్నాడు నాన్న. "రెండు తాళంచెవులూ నేనే కదా కోసింది. నేను కోసిన పన్ను నేను గుర్తుపట్టనా? తిను ముందు."

ఆకురాయి విస్తరి ముందు నుంచి లేచి, అక్క దగ్గర ఇంకు పెన్ను తీసుకుని, గోడ వైపు నడిచింది.