నాలుగో వాకిలి కాపలాదారు

పొద్దు గుంకే వేళకు కిష్టప్ప మందను తోలుకొచ్చేసరికి అతని భార్య హన్మమ్మ దొడ్డి తడిక పక్కన నిలబడి ఉంటుంది. ఆ ఇంట్లో అది తాతల నాటి పద్ధతి. గొర్రెలు ఒక్కొక్కటిగా లోపలికి దూరుతుంటే ఇంటి ఆడమనిషి పేరు పెట్టి పిలవాలి. బొల్లి, సుక్క, మొండితోక, తాండూరు సంతలో కొన్నందుకు తాండూరుది. గొర్రెల పిలుపు అయ్యాక మనుషుల పిలుపు. మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు కాబట్టి "ఏమయ్యో" అంటుంది. పిలిచినవాళ్లు ఇంట్లో ఏ మూలనున్నా "ఆఁ" అని పలకాలి. అందరూ పలికాకే తడిక పడుతుంది. ఊళ్లో వాళ్లకు ఇదంతా చాదస్తంగా కనిపిస్తుంది కానీ, ఆ దొడ్డిలోంచి గొర్రె తప్పిపోయిందన్న మాట మాత్రం ఎవరూ ఎన్నడూ వినలేదు.

ఈ పద్ధతిలో చేయకూడని పని ఒక్కటే. పోయిన మనిషి పేరును, దినాలు అయిపోయాక, తడిక దగ్గర పిలవకూడదు. పిలిస్తే వస్తారు. వచ్చినవాళ్లు లోపలికి అడుగుపెట్టలేరు, వెనక్కి పోలేరు.

హన్మమ్మకు ఇది తెలియక కాదు. ఆమె కొడుకు నవీన్‌కుమార్ తాండూరు దగ్గర బండలు పాలిష్ చేసే పనికి పోయేవాడు. లారీకెక్కిస్తున్న నాపరాయి పలక ఒకటి జారి అతని మీద పడింది. దినాలు అయిన మర్నాడు సాయంత్రం, తాండూరుది లోపలికి దూరగానే, ఆమె నోరు అలవాటు కొద్దీ "ఏమయ్యో, దేవికా, నవీనా" అనేసింది.

"ఆఁ, అవ్వా" అని తడిక అవతలి నుంచి జవాబొచ్చింది.

చూస్తే నవీన్. తల్లిని వాడెప్పుడూ అవ్వా అనే పిలిచేవాడు. ఒంటి మీద పనిలో వేసుకునే చొక్కా, జుట్టు నిండా రాతి దుమ్ము. మర్నాటి నుంచి గొర్రెలు అతన్ని చుట్టి పోయేవి. ఊరు కూడా రెండు రోజుల్లో అలవాటు పడిపోయింది. బాలస్వామి ట్రాక్టర్ తీసుకొని ఆ దారిన వచ్చి, "నవీనా, జర పక్కకు జరుగు" అంటే, "జరగొస్తలేదు మామా" అన్నాడు నవీన్. "సరే తియ్యి, నేనే తిప్పుకపోత" అని బాలస్వామి కంది చేను గట్టు మీద నుంచి బండి తిప్పుకొని వెళ్లాడు.

కొడుకు కళ్ల ముందర ఉన్నాడు కదా అని హన్మమ్మ సంబరపడింది. కానీ చెల్లెలు దేవికకు అతని కాళ్లు కనిపించాయి. వేళ్లు నీలం బూడిద రంగుకు తిరిగి ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా, నున్నగా, తాండూరు బండలాగే ఉన్నాయి. తల్లి పిలిచినప్పుడల్లా, అతను పలికినప్పుడల్లా, ఆ రంగు ఇంకాస్త పైకి పాకుతోంది.

"పిలువకే," అన్నాడు కిష్టప్ప భార్యతో. "నోటి దాంక ఎక్కితే ఇగ పలకడు. అట్లనే బండయి ఉంటడు."

"పిలువకుంటే పోతడు," అంది హన్మమ్మ.

ఒక సాయంత్రం ఆమె పంటి బిగువున ఊరుకుంది కూడా. కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది. నవీన్ ఆమె నోటి వంకే చూస్తూ ఉన్నాడు. ఏమీ అడగలేదు. చిన్నప్పుడు అన్నం కోసం చూసినట్టు చూశాడు, అంతే. ఆమె కొంగు లాగేసి పిలిచింది. ఆ పూట రాయి నడుం దాటింది.

దేవిక వికారాబాద్‌లో ఒక ఫొటో స్టూడియోలో పని చేస్తుంది. సాయంత్రం ప్యాసింజర్ రైలు దిగి ఇంటికొచ్చి, ఇంట్లోకి పోకుండా దొడ్డి దగ్గరే అన్నకు ఎదురుగా బండ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. మొదట్లో ఏం మాట్లాడాలో తోచలేదు. చనిపోయినవాణ్ణి ఎట్లున్నవని అడగలేం కదా. చివరికి వాళ్ల పాత కొట్లాటే అక్కరకొచ్చింది.

అన్నాచెల్లెళ్లిద్దరికీ ఒక జపాను బొమ్మల కథ పిచ్చి. మాంగా అంటారు. పేరు "ఏడు వాకిళ్ల కోట". దేవిక బడిలో చేరకముందు మొదలైంది, ఇంకా అయిపోలేదు. ప్రతి ఆదివారం ఒక అధ్యాయం ఫోన్లో వస్తుంది. అందులో హీరో సంగతి వాళ్లకెప్పుడూ పేచీ కాదు. పేచీ అంతా చుట్టూ ఉన్నవాళ్ల గురించే. వంటామెకు చిన్నతనం ఉంది, వైద్యుడికి పాపభయం ఉంది, దొంగ చెల్లెలికి ఏడాది పాటు సాగిన ఉపకథ ఉంది. చిన్న పాత్రలను కూడా ఇంత బాగా మలిచినవాడు ఇంకొకడు లేడని నవీన్ అనేవాడు. మరి నాలుగో వాకిలి కాపలాదారు మాటేమిటని దేవిక ఎదురు తిరిగేది.

ఆ కాపలాదారు మొదటి అధ్యాయంలోనే ఉన్నాడు. హీరోకు తలుపు తీస్తాడు. తర్వాత ఎప్పుడొచ్చినా తలుపు తీస్తాడు. ఇన్నేళ్లలో అతనికి ఒక పేరు లేదు, ఒక మాట లేదు.

"పేరే పెట్టలే. వాడొక పాత్రనా?" అంది దేవిక ఆ రోజు కూడా.

"నీకు సూసుడు రాదు," అన్నాడు నవీన్. రొమ్ము దాకా రాయయినా వాదించడం మానలేదు. "వాడొచ్చిన ప్రతిసారి జుట్టు జర నెరుస్తది. మొదట్ల చెయ్యి కాడ అంగీ మంచిగుండె. తర్వాత చినిగింది. ఆ తర్వాత అతుకు పడ్డది. ఎవలో ఒకలు కుట్టింటరు కద? గీసెటాయన మర్చిపోతే అతుకెందుకు గీస్తడు?"

"అతుకేస్తే పాత్ర అయిపోతదా?"

"అయితది," అన్నాడు నవీన్. "మన అవ్వకు ఎన్ని మాటలున్నయి? గొర్ల పేర్లు, మన పేర్లు. అంతే కద. అవ్వ పాత్ర గాదా?"

దేవిక ఫోను చూస్తున్నట్టు తల వంచుకుంది.

ఆ ఆదివారం కొత్త అధ్యాయం వచ్చింది. వచ్చే వారంతో కథ అయిపోతుందని మొదటి పేజీలోనే వేశారు. దేవిక ఫోను అన్న మొహం ముందు పట్టుకొని పేజీలు తిప్పింది. అతను చేతులు ఎత్తలేడు. కోట అంటుకుంది. వంటామె పిల్లల్ని తీసుకొని వెళ్లిపోయింది. వైద్యుడు చనిపోయాడు. దొంగ చెల్లెలికి పేజీ నిండా కన్నీళ్లు. నాలుగో వాకిలి మాత్రం బార్లా తెరిచి ఉంది, అక్కడ ఎవరూ లేరు.

"చూసినవా? ఆఖరికి మర్చేపోయిండు," అంది దేవిక. గెలిచినందుకు సంతోషం కలగలేదు.

నవీన్ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. అప్పటికే అతని గొంతు బొంగురు పోయింది. "మర్చిపోలే దేవీ. వాకిలి ఇడిసిపెట్టి ఎటో పోయిండు. ఒక్కసారన్న ఎటన్న పోవాలె కద," అన్నాడు.

మరుసటి సాయంత్రం దేవిక రైలు దిగి వచ్చేసరికి దొడ్డి దగ్గర ఇంకొకడు నిలబడి ఉన్నాడు. మనిషంతా నలుపు తెలుపే. చేతిలో బల్లెం, నెరిసిన జుట్టు. కంది చేను పచ్చగా, ఆకాశం ఎర్రగా ఉంటే, అతను ఒక్కడే సిరాతో గీసినట్టు ఉన్నాడు.

బాలస్వామి ట్రాక్టర్ ఆపుకొని చెప్పాడు. "తాండూరు తొవ్వ పొంటి నడుసుకుంట వస్తుండె. దారి తప్పిండేమోనని నేనే ఎక్కించుకొచ్చిన. రంగు లేదు పాపం. మంచినీళ్లన్న ఇయ్యుండ్రి."

హన్మమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. అతను తాగి, చెంబు రెండు చేతులతో తిరిగిచ్చి, తడికకు రెండో పక్కన పోయి నిటారుగా నిలబడ్డాడు. వాకిలి కనిపిస్తే కాపలా కాయడం తప్ప అతనికి ఇంకేం తెలుసు? ఒక పక్క నవీన్, ఒక పక్క అతను. హన్మమ్మ ఎప్పటిలా చీకటి పడుతుందని తొందరపడుతూ లోపలికి వెళ్లింది.

దేవిక అన్నను చూసి ఉలిక్కిపడింది. రాయి గడ్డం దాకా వచ్చేసింది. ఇంకొక్కసారి పలికితే నోరు మూసుకుపోతుంది. దూరంగా మంద దుమ్ము కనిపిస్తోంది. తండ్రి అదిలింపు కూడా వినిపిస్తోంది.

ఆమె పోయి కాపలాదారు ముందు నిలబడింది. దగ్గరి నుంచి చూస్తే అతని అంగీ మీద అతుకు కనిపించింది. దాని చుట్టూ కుట్లు ఒక్కొక్కటిగా గీసి ఉన్నాయి. ఒక కుట్టు కాస్త వంకర పోయింది. ఎవరో ఓపికగా కూర్చొని, వంకర పోవాలనే గీశారు. ఇన్నేళ్లూ ఈ కుట్టును తాను ఎట్లా చూడలేదో దేవికకు అర్థం కాలేదు. సిగ్గేసింది.

"నీ పేరేంది?" అని అడిగింది.

అతను తల అడ్డంగా ఊపాడు.

"మా అన్న పేరు తీస్కుంటవా?" అంది దేవిక. "నువ్వు తీస్కుంటే మా అన్నకు ఇగ ఆ పేరుండదు. ఎవలు పిలిచినా రాడు. మా అవ్వ పిలిస్తే నువ్వు పలకాలె. రోజూ పలకాలె."

కాపలాదారు నవీన్ వైపు తిరిగాడు. నవీన్ తల ఊపలేడు. కళ్లు మూసి తెరిచాడు. ఆ కళ్లల్లో భయం లేదు. చాలా దూరం నడిచొచ్చి, కూర్చోమన్నప్పుడు మనిషికి ఉండే నిమ్మళం ఉంది.

మంద వచ్చింది. హన్మమ్మ వచ్చి తడిక పట్టుకుంది. బొల్లి, సుక్క, మొండితోక, అన్నీ దూరాయి. కిష్టప్ప పలికాడు. దేవిక పలికింది.

"నవీనా," అని పిలిచింది హన్మమ్మ.

నవీన్ పెదవులు కదలలేదు. బతికున్నప్పుడు గానీ, పోయాక గానీ తల్లి పిలిస్తే పలకకుండా ఉండటం అతనికి అదే మొదటిసారి. కాపలాదారు నోరు తెరిచాడు. ఏళ్ల తరబడి వాడని బోరింగు కొట్టినట్టు ముందు గరగరమంది, ఆ తర్వాత మాట వచ్చింది.

"ఆఁ, అవ్వా."

హన్మమ్మ అతన్ని చూసింది. తర్వాత కొడుకును చూసింది. చీకట్లో దగ్గు విని ఏ గొర్రెదో చెప్పే మనిషి, గొంతు గుర్తుపట్టలేక మోసపోతుందా? ఆమె మళ్లీ పిలవొచ్చు. ఆమె నోటిలో ఆ పిలుపు తయారుగా ఉందని అక్కడున్న అందరికీ తెలుసు. కిష్టప్ప చేతికర్రను గట్టిగా పట్టుకొని నేల చూపులు చూస్తున్నాడు.

హన్మమ్మ తడికను ఇంకాస్త బార్లా తెరిచింది.

"లోపలికి రా, కొడుకా," అంది.

కాపలాదారు బల్లెం కంచెకు ఆనించి, తడిక కింద గడపలా పరిచిన బండ దాటాడు. దాటుతుంటేనే అతని అంగీకి రంగు వచ్చింది. అతుకు మాత్రం వేరే గుడ్డ, నీలం రంగుది.

అవతల నవీన్ గడ్డం నుంచి, భుజాల నుంచి రాయి పొడిపొడిగా రాలిపోయింది. అతను కాళ్లు విదిలించుకొని రెండడుగులు వేశాడు.

"చూసినవా? నేనేం చెప్పిన?" అన్నాడు చెల్లెలితో.

"ఒప్పుకున్న," అంది దేవిక. పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిస్తే పేరు రాలేదు. వెతికినా దొరకలేదు. "ఒప్పుకున్న అన్నా," అంది. ఆ ఒక్క మాట మిగిలింది.

అతను తాండూరు తొవ్వ పట్టకుండా, చేల మీదుగా నడిచిపోయాడు. ఎదురొచ్చిన బాలస్వామి ట్రాక్టర్ ఆపి, "ఎటు పోతున్నవ్ పిలగా?" అన్నాడు. రోజూ చూసే మొహమే, పేరు మాత్రం గుర్తుకురాక తల గోక్కున్నాడు. దేవిక కనిపించినంత దూరం చూసింది, తర్వాత కందిమొక్కలు మాత్రమే కనిపించాయి.

ఆమె లోపలికి వచ్చేసరికి హన్మమ్మ కొత్తవాణ్ణి పీట మీద కూర్చోబెట్టి జొన్నరొట్టె, పప్పు పెట్టింది. అతనికి కూర్చోవడం అలవాటు లేదు, మధ్య మధ్యలో లేవబోతున్నాడు. ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెడుతోంది.

"గా అతుకు ఎవలేసిండ్రు?" అని అడిగింది.

అతను అతుకు వంక చూసుకున్నాడు. "ఎర్కలేదు, అవ్వా."

"మంచిగ కుట్టిండ్రు," అంది హన్మమ్మ. వంకర పోయిన ఆ కుట్టును వేలితో తడిమింది. తడుముతూనే ఒక్కసారిగా గొల్లుమంది. కొడుకు తిరిగొచ్చిన నాటి నుంచి ఆమె కంట చుక్క నీరు రాలేదు. వాడు తడిక దగ్గరే నిలబడి ఉంటే ఏ తల్లికి ఏడుపొస్తుంది? ఇప్పుడు గుండెలు బాదుకొని ఏడ్చింది. కిష్టప్ప బయటి నుంచి వచ్చి ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు. దేవిక తల్లి వీపు మీద మొహం పెట్టుకుంది. కొత్త నవీన్ ఏం చేయాలో తెలియక, సగం తిన్న రొట్టె చేత్తో పట్టుకొని, వాళ్లు ఏడవడం అయ్యేదాకా అట్లాగే కూర్చున్నాడు.