రెండో కిక్కర్

మా కౌస్తుభ్ నాలుగేళ్లుగా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఉన్నాడు. అమెరికాలో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్లలో ఆ పని చేసిన మొదటివాడు వీడే. ఎవరైనా అడిగితే అంతవరకే చెప్పి ఊరుకుంటాను. మిగతా సగం ఏమిటంటే, వాడు రెండో కిక్కర్. టచ్‌డౌన్ అయ్యాక, అంటే బంతితో అవతలి గీత దాటాక, అదనపు పాయింటు కోసం దాన్ని స్తంభాల మధ్యనుంచి తన్నడం మొదటి కిక్కర్ పని. అతనికి జలుబైనా చేయకపోవడం రెండో కిక్కర్ ఖర్మ.

వాడు టీమ్‌లో చేరినప్పుడు, దెబ్బ తగలకుండా చూడమని గుళ్లో మొక్కుకున్నాను.

"స్వామి నీ మొక్కు మరీ శ్రద్ధగా తీరుస్తున్నాడు నళినీ. కాస్త సడలించమని చెప్పు," అంటారు మా ఆయన.

కిందటి వారం మళ్లీ వెళ్లి, చిన్న దెబ్బయితే పరవాలేదని చెప్పి వచ్చాను.

నిన్న వాడి ఆఖరి ఆట. కాలేజీ ముగిస్తున్న పిల్లలు ఆ రోజు అమ్మానాన్నలతో మైదానంలోకి నడవాలి. కౌస్తుభ్ అంత కవచంతోనూ వంగి మా కాళ్లకు దండం పెడితే, పక్కనున్న మరో కుర్రాడి తల్లి వాడి షూ లేసు ఊడిందనుకుంది.

"ఇవాళైనా పంపుతారా నాన్నా?" అని అడిగాను వాణ్ణి.

"అమ్మా, ప్లీజ్. ముందే అనేసి జింక్స్ చేయకు," అన్నాడు, కోచ్ మీంచి చూపు తిప్పకుండా.

ఆట ముగియబోతుండగా మావాళ్లు చాలా ముందున్నారు. మరో టచ్‌డౌన్. కోచ్ కౌస్తుభ్ వీపు తట్టాడు. వాడు పరుగెత్తాడు.

"లే నళినీ, మనవాడే! లే!" అని అరిచింది గ్యాలరీలో నా పక్కనున్న స్నేహితురాలు పద్మజ. నేను అప్పటికే నిలబడి ఉన్నాను.

వాడు వెనక్కి నడిచి, సిద్ధమని చేయి ఊపి, ముందుకొచ్చాడు. బంతిని పట్టి నేలమీద నిలబెట్టాల్సిన కుర్రాడి చేతుల్లోంచి అది జారిపోయింది. అతనే దాన్ని అందుకుని పరుగెత్తబోతే అవతలివాళ్లు పడేశారు. కౌస్తుభ్ కాలు గాల్లోనే ఆగిపోయింది.

"మళ్లీ ఛాన్స్ ఇవ్వరా అన్నయ్యగారూ?" అంది పద్మజ.

"రూల్స్ ఒప్పుకోవమ్మా," అన్నారు ఈయన, ఆ రూల్స్ తనే రాసినంత సిగ్గుపడుతూ.

జనం వెళ్లిపోయాక నేనూ మా ఆయనా కిందికి దిగాం. వాడు హెల్మెట్ తీసి అదే చోట నిలబడి ఉన్నాడు.

"బాల్ టచ్ కూడా చేయలేదు అమ్మా."

ఆకలేస్తోందా అని అడగబోయి, వాడి చేతిలోని హెల్మెట్ అందుకున్నాను.

వాడు వెనక్కి నడిచాడు. చేయి ఊపాడు. ముందుకొచ్చి, బంతి లేకుండానే బలంగా తన్నాడు.

నేనూ ఆయనా తలలెత్తి, ఆ స్తంభాల మధ్యకే చాలాసేపు చూస్తూ ఉండిపోయాం.