కిటికీ ముందు చచ్చిన తీగ

మా మేడ కిటికీలోంచి చూస్తే ఆకాశం కనిపించేది కాదు, తీగలు కనిపించేవి. దీపాల తీగలు, టెలిఫోను తీగలు, టెలిగ్రాఫు తీగలు, ఎవరికి తోచినట్టు వాళ్లు లాగేశారు. దివాలా తీసిన కంపెనీలు పోతూ పోతూ తమ తీగల్ని గాలికొదిలేసి పోయాయి. కరెంటు పారని వాటిని చచ్చిన తీగలు అనేవాడు మా ఆయన. ఆయనది స్తంభాలెక్కే పని. పైన పట్టు కోసం ఆయనా, తోటివాళ్లూ ఆ చచ్చిన తీగల్నే నమ్ముకునేవాళ్లు.

అలాంటిదొకటి మా కిటికీని రాసుకుంటూ పోయేది. నేను దాని మీద బట్టలు ఆరేసేదాన్ని. మధ్యాహ్నం వీధి చివరి స్తంభం దిగేముందు ఆయన దాన్ని రెండుసార్లు గుంజేవాడు. ఇక్కడ చొక్కాలు గంతులేసేవి. వస్తున్నాను, కంచం పెట్టమని.

"నోరు లేదా మీకు? వీధంతా నవ్వుతోంది" అని కసిరేదాన్ని.

"నోటితో పిలిస్తే పలుకుతావా ఏం?" అనేవాడు. దొంగ మొహం.

ఆ రోజు చొక్కాలు చాలాసేపు ఊగాయి. ఆకలి దంచేస్తున్నట్టుంది అని నవ్వుకుంటూ కంచం పెట్టాను. కరెంటు పారే దీపాల తీగ ఒకటి జారి చచ్చిన తీగ మీద పడిందని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. బట్టలు తీద్దామని చెయ్యి చాచేలోగా వీధిలో కేకలు వినిపించాయి.

ఆయన్ని పొట్టనబెట్టుకున్న ఆ తీగ మాది కాదంటే మాది కాదని కంపెనీలన్నీ చేతులు దులుపుకున్నాయి. నా ఒళ్లు మండిపోయింది. అయినా సిగ్గు విడిచి చెబుతున్నాను, మధ్యాహ్నమైతే దానివైపే చూస్తూ కూర్చునేదాన్ని. గాలికి ఊగినా ప్రాణం లేచొచ్చేది.

ఇన్నాళ్లకు తీగలన్నీ భూమిలో పాతేయమని హుకుం వచ్చింది. ఒక్కొక్కటే కోసుకుంటూ వచ్చారు. చివరికి ఆయన స్నేహితుడు, ఇప్పటి మేస్త్రీ, మేడెక్కి వచ్చాడు.

"వీధంతా కరెంటు ఆపేశాం, చెల్లెమ్మా. ఇక ఇదొక్కటే మిగిలింది. కోసేస్తే పీడ విరగడవుతుంది."

"కోసేముందు ఒకసారి గుంజు, అన్నయ్యా."

"దీన్నా? మతి పోయిందా నీకు?"

"పోయిందనే అనుకో. ఆయన గుంజినట్టే, రెండుసార్లు."

అతను తల తిప్పుకుని మెట్లు దిగి వీధి చివరి స్తంభం వైపు వెళ్లాడు. నేను పెట్టెలోంచి ఆయన చొక్కా తీసి తీగ మీద వేశాను.

చొక్కా రెండుసార్లు గంతేసింది. "పెడుతున్నా, పెడుతున్నా" అని గొణుక్కుంటూ లోపలికి పరుగెత్తి కంచం పెట్టాను.

వెనక్కి వచ్చేసరికి తీగ లేదు, చొక్కా లేదు. కిటికీ నిండా ఆకాశం. ఏం చేసుకోను దాన్ని?