పప్పు ఉడికిన జాగ

మూసీ పొంగి పెద్ద బస్టాండు లోపలికి నీళ్లు వచ్చిన ఏడు, ఆ బతుకమ్మ దినాలల్లనే నా గేటు కొలువు పోయింది.

అంతకుముందు వరదకు, సెల్లార్లల్ల కార్లు తేలిన ఏడు, మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలబడి మోటరు కాపాడినందుకు అందరు నన్ను మెచ్చుకున్నరు. ఈ వరదకు నీళ్లు మా దిక్కు రాలే. మిషన్ వచ్చింది.

నానక్‌రామ్‌గూడల ఐదంతస్తుల అపార్ట్‌మెంటు మాది. మాది అంటే వాళ్లది. మేమున్నది కింద మెట్ల పక్క గదిల. సెక్రటరీ బుల్లిబాబుగారు గోదావరి దిక్కు మనిషి, రిటైరైన ఆఫీసరు. దసరా మామూలు కవర్ల పెట్టి, దాని మీద మిఠాయి డబ్బా పెట్టి నా చేతికిచ్చిండు.

"చంద్రయ్యా, నీ మీద ఎవరికీ కంప్లైంటు లేదయ్యా. గేటుకి కెమెరా మిషన్ పెడుతున్నాం. కారు నంబరు చూసి అదే తెరుచుకుంటుంది. నెలాఖరు దాకా గదిలోనే ఉండండి, తొందరేం లేదు."

నా భార్య రాజమ్మ డబ్బా తెరిచి చూసింది. "మిషన్ మిఠాయి తినది గద సార్. మంచిదే, వచ్చే దసరాకు మీకు మిగుల్తది" అన్నది.

నవ్వాల్నా వద్దా తెల్వక ఆయన లిఫ్టు ఎక్కిండు.

నేను ఏమనలే. నేను ఎప్పుడూ ఏమనను. మూడో తరగతి దాకా బడికి పోయిన, పంతులు ప్రశ్న అడిగితే నిలబడుడే గాని నోరు తెరిచింది లేదు. పెండ్లి గూడ తలూపుడుతోనే ఒప్పుకున్నడని రాజమ్మ అందరికి చెప్తది.

ఇగ ఎటు పోవాలె? మూడు జాగలున్నయి. ఒకటి మా ఊరు, కోస్గి దిక్కు. రాజమ్మ తమ్ముడు వాళ్ల ఇంట్ల ఓ అర్ర ఇస్తనన్నడు. రెండోది నిజాంపేట. మా బిడ్డ శ్రీలత అక్కడ ఆడపిల్లల హాస్టల్ల వంట చేస్తది. మూడోది ఇక్కడే, నానక్‌రామ్‌గూడ పాత ఊర్ల, రాజమ్మకు ఎరుకైన రత్నమ్మ ఇంటి వెనుక కిరాయికిచ్చే రేకుల గది.

"నీకు ఏది కావాలె?" అన్నది రాజమ్మ.

"ఏదైనా సరే."

"ఏదైనా సరే అనే ఊరికి ఏ బస్సు పోతది? చెప్పు, టికెట్ తీస్తా."

ఏది కావాల్నో నాకు తెలుసు. పొద్దుగాల షేర్ ఆటోలు నిండే కాడ చాయ్ బండి ఉన్నది. ఆ బల్ల మీద ఓ చివర నాది. నేను పోతే ఆటోళ్లు జరుగుతరు, చాయ్ వస్తది, ఎవ్వలు ఏమడగరు. గింత దానికి రేకుల గదిల ఉందామని పెండ్లాంతోని ఎట్ల అంటం? రత్నమ్మ ఇంటి పక్కన కొత్తగ ఇల్లు లేస్తున్నది, సామానుకు కావలి మనిషి కావాలంటున్నరు. ఆ మాటన్న అనొచ్చు. అది గూడ బయటికి రాలే.

"సరే. నీ నోరు చెప్పకుంటే పప్పు చెప్తది" అన్నది రాజమ్మ.

ఇది వాళ్ల అమ్మ పద్ధతి. బిడ్డనిచ్చే ఊరికి పోతే, ముందుగాల చారెడు కందిపప్పు ఆ ఊరి బాయి నీళ్లల్ల ఉడకబెట్టించేదట. పప్పు మెత్తగయితే సంబంధం ఖాయం. "పప్పుతోని పాటు పిలగాన్ని గూడ జర చూస్తే బాగుండు" అని రాజమ్మ ఇప్పటికీ అంటది, నా దిక్కు చూసుకుంట.

మూడు జాగలల్ల వండుతనని, అన్నిట్ల మెత్తగ ఎక్కడ ఉడికితే అక్కడికే పోతమని, పప్పు మీద ఒట్టేసింది. ఫోన్ చేసి శ్రీలతకు చెప్పింది, తమ్మునికి చెప్పింది. లిఫ్టు కాడ ఆపి సెక్రటరీకి గూడ చెప్పింది.

ముందు ఊరికి పోయినం. నల్లా నీళ్లు మంచిగున్నయి. పప్పు పొయ్యి మీద ఉండంగనే బామ్మర్ది నా పక్కన కూసున్నడు.

"ఎందుకు తీసేసిన్రు బావా?"

నేను పొయ్యి దిక్కు చూసిన.

"కొట్లాటనా?"

కాదని తలూపిన.

"మరి? ఊకెనే తీసేస్తరా?"

ఆయన లేస్తే పక్కింటాయన వచ్చి కూసున్నడు. అదే ప్రశ్న. ఆయన వెనుక ఇంకొకాయన.

"మిషన్ పెట్టిన్రురా" అన్నది రాజమ్మ తమ్మునితోని. "నీ గుమ్మానికి గూడ ఒకటి పెట్టిస్తా. ఈ ప్రశ్నలన్ని అదే అడుగుతది, మీకు గొంతు నొప్పి ఉండది."

అందరు నవ్విన్రు. పప్పు మంచిగనే ఉడికింది. నాకు ముద్ద దిగలే. రాజమ్మ నా పళ్లెం చూసి, తమ్ముడు అడగకముందే తీసేసింది.

తర్వాత నిజాంపేట. హాస్టల్ల మంజీర నల్లా నీళ్లు. పప్పు వెన్న తీరు అయింది. ఊరి పప్పు దీని ముందల నిలువది. శ్రీలతకు సంబురం ఆగుతలేదు. "ఇగ ఇక్కడికే నాయినా!" అన్నది. అంతల వార్డెన్ మేడం వచ్చింది.

"అమ్మ నీతో వంటింటి పక్క గదిలో ఉండొచ్చు శ్రీలతా. నాన్నగారు మాత్రం రాత్రులు ఇక్కడ కుదరదు. లేడీస్ హాస్టల్ కదా. రోడ్డుకి అవతల బాయ్స్ హాస్టల్లో ఒక మంచం అడుగుతాను."

"మంచిదే మేడం" అన్నది రాజమ్మ. "పొద్దుగాల ఆ బాల్కనీలకొచ్చి చెయ్యి ఊపుతడు. మాటలతోని మాకు మొదటి సంది పని లేదు."

ఆడపిల్లలు పళ్లేలు పట్టుకొని ఒకటే నవ్వుడు. బస్సెక్కినంక రాజమ్మ కిటికీ దిక్కు తిరిగింది.

"నీ గురక ఇనుకుంట ఇన్నేండ్లు పండుకున్న. అది గూడ రోడ్డవతలికి పోతే, నువ్వు ఉన్నవో లేవో నాకెట్ల తెలుస్తది?" అన్నది. జరసేపటికి మల్ల అన్నది, "ఒట్టెందుకు పెట్టుకుంటినో."

మూడోది రత్నమ్మ ఇల్లు. పప్పు చూడంగనే రత్నమ్మ చేతులు ఊపింది. "అక్కా, ముందే చెప్తున్న. ఇది ఉప్పు బోరు. ఈ నీళ్లల్ల పప్పు పలుకు ఇడువది. వంటకు మేము క్యాన్ తెచ్చుకుంటం. ఉత్త గ్యాస్ దండుగ."

"పప్పునే అడుగుదాం" అని రాజమ్మ పాత్ర ఎక్కించింది.

నీళ్లు మసిలినయి, మసిలినయి. గింజలు అట్లనే నిలబడ్డయి, నా తీరు. ఇగ బాయ్స్ హాస్టలే అనుకున్న. గుమ్మంల కూసొని బయటికి చూసిన. ఆడ ఆకాశం జరంత కనబడ్తది, మిగిలిందంత అద్దాల బిల్డింగులే.

రత్నమ్మ పోపుకు ఎల్లిగడ్డ తెద్దామని లోపలి అర్రకు పోయింది. రాజమ్మ నాకు వీపు పెట్టి, కొంగు ముడి ఇప్పింది. అండ్ల చిన్న పొట్లం. తెల్లటిది చిటికెడు తీసి పాత్రల వేసింది. నురుగు బుస్సుమని లేసింది. బజ్జీలల్ల వేసే సోడా. ఇంటి కాన్నుంచే కట్టుకొచ్చింది.

నేను మల్ల ఆకాశం దిక్కు చూసిన.

రత్నమ్మ వచ్చి గరిటె పెట్టింది. పప్పు గుజ్జు గుజ్జు. "ఓయమ్మ! ఈ బోరు ఏసినకాన్నుంచి దీంట్ల పప్పు ఉడకంగ నేను చూడలే. ఏం చేసినవక్కా?"

"నీళ్లకు మనుషులు తెలుస్తరు చెల్లె" అన్నది రాజమ్మ. నాకు అన్నంల పప్పు పోసింది. "ఏమయ్యా, తిని చెప్పు. మూడింట్ల ఏది మెత్తగున్నదో నీ మాటే ఆఖరు."

కలుపుకొని తిన్న. జర సబ్బు వాసన కొట్టింది. రాజమ్మ గరిటె గట్టిగ పట్టుకొని నా నోటి దిక్కే చూస్తున్నది. నా మాటకు ఆమె గట్ల భయపడంగ ఎన్నడూ చూడలే.

"ఊరి పప్పు కంటె మెత్తగున్నది" అన్న. "నిజాంపేట దాని కంటె గూడ."

"అయ్యో, అన్నకు మాటలొస్తయా!" అన్నది రత్నమ్మ.

"ఏడాదికొక్కటి" అన్నది రాజమ్మ. "ఈ ఏటిది అయిపోయింది." వెంటనే శ్రీలతకు ఫోన్ చేసింది. "పప్పు ఇక్కడే ఉండుమన్నది బిడ్డా, నేనేం చేస్తా?"

మర్నాడు పొద్దుగాల ఆమె లేవకముందే సైకిల్ తీసిన. మూల మీది ప్లాంటుల మంచినీళ్ల క్యాన్ నింపి, క్యారియర్‌కు కట్టుకొని పోయి, రేకుల గది నడుమ పెట్టిన. కొత్త జాగలకు ముందుగాల దేవుని పటం పోవాలె. రాజమ్మ పటం ఎత్తుకొని నడుచుకుంట వచ్చేసరికి క్యాన్ ఉన్నది.

"ఇదేంది? దేవుని కంటె ముందుగాల?"

"నీళ్లు."

"బోరు నీళ్లల్ల పప్పు మంచిగనే ఉడికె గద?"

"ఉడికింది" అన్న. "రోజూ అంటే సోడా అయిపోతది."

రాజమ్మ చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది.

నేను ఇంకో క్యాన్‌కు సైకిలెక్కిన. దారిల చాయ్ బండి కాడ ఆగితే ఆటోళ్లు జరిగిన్రు. కూసున్న.