అడ్డు తీసిన ఆదివారం

నేను ఒక అడ్డు పలకను. గాజును కాను, గాజులా కనిపించే ఆక్రిలిక్‌ను. గాజుకున్న పరువు నాకు లేదు. కింద పడితే పగలను, గీతలు పడి ఊరుకుంటాను. మీరు నన్ను ఎన్నోసార్లు చూసే ఉంటారు, కాకపోతే నాలోంచి అవతలికి చూసి ఉంటారు గానీ నన్ను చూసి ఉండరు. మా జాతి బతుకే అంత.

పుట్టింది హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో. వేడివేడిగా పరిచి, చల్లార్చి, రెండు పక్కలా కాగితం అంటించి లారీ ఎక్కించారు. నాతో పుట్టినవి కొన్ని దుకాణాల బోర్డులయ్యాయి, కొన్ని బహుమతి ఫలకాలై ఎవరెవరి షోకేసుల్లోనో దుమ్ము కొట్టుకుంటున్నాయి. నా పోస్టింగు విశాఖపట్నం మల్కాపురంలో, ఒక మందుల షాపు కౌంటరు మీద. పక్కవాడి ఊపిరి తగిలితే చస్తామని మనుషులు వణికిపోతున్న రోజులవి. అటు షాపువాళ్లు, ఇటు జనం, మధ్యలో నేను. తిట్లన్నీ నాకే. "వినబడి చావట్లేదు, ఈ దిక్కుమాలిన అద్దమొకటి" అని విసుక్కోనివాడు లేడు. నా మీద ఎండిపోయిన తుంపర్లు తమ ఒంట్లోకి పోలేదని ఒక్కడికీ తట్టలేదు. భయం తీరగానే నన్ను ఊడదీసి చీపుళ్ల పక్కన పారేశారు.

అక్కడ నన్ను చూసినవాడు గౌరీశ్వరరావు. ఓడరేవులో క్రేను నడిపేవాడు. బీపీ మాత్రల కోసం షాపుకొచ్చి, నన్ను చూడగానే ముచ్చటపడి, అడిగి చంకన పెట్టుకుని బయల్దేరాడు. మాత్రలు కౌంటరు మీదే మరిచిపోయాడు. అప్పట్లో అది నాకు గొప్పగానే అనిపించింది.

ఆయన హాల్లో గోడ పొడుగునా ఉప్పునీళ్ల అక్వేరియం. పొట్టి బల్ల మీద పెద్ద తొట్టి. యారాడ సముద్రం నుంచి తనే డబ్బాలతో నీళ్లు మోసుకొచ్చి, వడగట్టి నింపేవాడు. పేరుకు తొట్టి ఆయనదే గానీ పెత్తనం గుండుది. బెదిరితే ఒళ్లంతా ఉబ్బించి ముళ్లు లేపే చేప. దుకాణంలో పఫర్ అంటారు, ఆయన గుండు అన్నాడు. పిల్లలు లేని ఇల్లు. ఆయన డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే గుండు అద్దం దగ్గరికి వచ్చి, పైకి తేలి, నోటితో నీళ్లు చిమ్మేది. చేత్తో రొయ్య అందిస్తే తీసుకునేది. గుల్లలు కొరికి పిండి చేసే పళ్లు దానివి. ఆయన వేలికి మాత్రం ఒక్కనాడూ పన్ను తగలనివ్వలేదు.

కొట్లాటకోరు చేపలను ఒక తొట్టిలో కాపురం పెట్టించడం ఆయన పిచ్చి. ఎవరి పక్కన ఎవరిని దించాలో, పిల్లకు సంబంధం చూసే తండ్రిలా ఆరాలు తీసేవాడు. హైమావతి, అంటే ఆయన భార్య, ఆ ప్రసంగం మొదలవగానే వంటింట్లోకి తప్పుకునేది. ఆమె తమ్ముడు తవిటినాయుడు విజయనగరం నుంచి వచ్చినప్పుడల్లా దొరికిపోయేవాడు.

"ఒరే, ముందు నెమ్మదస్తుణ్ని దించాల. రౌడీగాణ్ని ఆఖర్న. రౌడీగాడు ముందొచ్చాడనుకో, తొట్టంతా ఆడి తాత కట్టించినట్టే. ఎనకొచ్చినోణ్ని బతకనివ్వడు. ఒకే రూపు, ఒకే రంగు ఉన్నోళ్లని కలపకూడదు, నాకు పోటీ వచ్చాడనుకుంటాడు. ఇంక ఒకడి నోట్లో పట్టేటంత చిన్నోణ్ని దించేవంటే అది స్నేహం కాదురా, భోజనం."

"మరన్నీ చూసి దించినా కొట్టుకుంటే ఏటి సెయ్యాల బావా?"

"ఏటి సేస్తాం, విడదీసీడమే. కొందరు సెడ్డోళ్లు కాదురా. పక్కన ఇంకోడుంటే ఓర్చుకోలేరు, అంతే."

ఇంత తెలిసిన మనిషి ఒకనాడు చారలవాణ్ని తెచ్చాడు. చెన్నై నుంచి దిగిన పెట్టెలో బొటనవేలంత చేప. ముదురాకుపచ్చ ఒంటి మీద నారింజరంగు చారలు. ట్రిగ్గర్ చేపల్లోకెల్లా పొగరుబోతు జాతి. దీన్ని ఎవరూ కొనొద్దని ఊళ్లో చేపల పిచ్చివాళ్లందరికీ చెప్పింది ఆయనే. ఆ చారలు చూసేసరికి చెప్పినవన్నీ గాలికి పోయాయి. మనుషులు ఇంకొకరి కోసమే సూత్రాలు కూడబెడతారని నాకు అప్పుడు తెలిసింది.

"దీనికి వేరే తొట్టి కట్టిస్తానే, అందాకా ఇలా ఉండనీ" అని హైమావతికి మాటిచ్చి, నీళ్లు అటూ ఇటూ ఆడేందుకు నాకు చిల్లులు పొడిచి, నన్ను తొట్టిలో ఒక పక్కగా అడ్డంగా దించాడు. పెద్ద వాటా గుండుకి, చిన్న వాటా చారలవాడికి.

చారలవాడు బొటనవేలంత ఉన్నప్పుడే నన్ను పొడవడం మొదలుపెట్టాడు. అరచెయ్యంత అయ్యాక నోటితో గులకరాళ్లు ఎత్తి నా మీద విసిరేవాడు. వాడి కళ్లు ఎప్పుడూ అవతలి పక్కే. గుండు ఆ పక్కన తన రాతి గుహలో తోక ముడుచుకుని నిద్రపోయేది. వాడిలో అలవాటు పడుతున్న లక్షణం ఒక్కటీ నాకు కనిపించలేదు. గౌరీశ్వరరావు వారానికోసారి నా ఒంటి పాచి తుడుస్తూ, "నువ్వున్నావు కాబట్టి సరిపోయింది" అనేవాడు. నా బతుకులో నాకు దక్కిన మంచిమాట అదొక్కటే.

కొత్త తొట్టికి కొలతలు తీసుకున్న కొన్నాళ్లకే ఆయన క్రేను మెట్లు దిగుతూ కూలబడ్డాడు. ఆస్పత్రి నుంచి తెచ్చేసరికి కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి, మాట లేదు. అన్నీ అర్థమవుతున్నాయని కళ్లు చెప్పేవి. నోటి నుంచి "ఆ... ఆ..." తప్ప వచ్చేది కాదు. చక్రాల కుర్చీలో తొట్టి పక్కన కూర్చోబెట్టి, హైమావతి ఎడమ చేతిలో రొయ్య పెట్టేది. ఆయన చెయ్యి చాపి అంచు మీంచి నీళ్లలోకి దించేవాడు. గుండు వచ్చి మెల్లగా తీసుకునేది. రోజు మొత్తంలో ఆయన మొహం నవ్వేది అప్పుడే, అదీ ఎడమ పక్క మాత్రమే.

తవిటినాయుడు విజయనగరంలో మోటారు రిపేరు షాపు మూసేసి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. బావను ఎత్తి కుర్చీలో వేసేది అతనే, స్నానం చేయించేది అతనే, ముద్ద కలిపి నోట్లో పెట్టేదీ అతనే. బావ చేపల కోసం యారాడ కొండెక్కి దిగి డబ్బాలు మోసేవాడు. అతన్ని చెడ్డవాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నన్ను తుడవడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. పచ్చగా పాచి పట్టిపోయాను. ఒక ఆదివారం ఓడరేవు స్నేహితులు ఆయన్ని చూడ్డానికి వస్తున్నామని కబురు పెట్టారు. తవిటినాయుడు తొట్టి వైపు చూసి మొహం చిట్లించాడు. అక్కను అప్ప అనడం వాళ్ల వైపు అలవాటు.

"అప్పా, ఈ పలక తీసీమంటావా? ఎలాగుందో చూడు. ఆళ్లొచ్చి చూస్తే, మనిషితో పాటు తొట్టి కూడా పాడైపోనాది అనుకుంటారు."

"వేరే తొట్టి కట్టిస్తానన్నారు కదరా మీ బావ. కొట్టుకోవూ?"

"ఇన్నాళ్లూ ఒకదాన్నొకటి చూసుకుంటన్నాయి, అలవాటు పడిపోనాయి. నాను ఫోన్లో చూసినాను. ముందు మేతెట్టీసి, రాళ్లు మార్చీసి తీస్తే ఏటీ అవదంట. బావ చెప్పిందీ అదే కదేటి, రౌడీగాణ్ని ఆఖర్న దించమని."

అన్నీ పద్ధతిగానే చేశాడు. రెండింటికీ కడుపునిండా మేత పెట్టాడు. పాత వాటాలు గుర్తుండకూడదని రాళ్లన్నీ కదిపి కొత్తగా పేర్చాడు. గుండు గుహ అందులో కలిసిపోయింది. తర్వాత నా పై అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

అప్పుడు ఎడమ చెయ్యి ఒకటి వచ్చి నన్ను పట్టుకుంది. గౌరీశ్వరరావు కుర్చీలోంచి సగం ఒరిగిపోయి ఉన్నాడు.

"చూసినావేటప్పా! బావే లాగతన్నాడు, తియ్యమని!"

హైమావతి కళ్లు నిండిపోయాయి. జబ్బు చేశాక ఆయన తనంతట తాను ఒకదానికి చెయ్యి చాచడం అదే మొదలు. "తియ్యరా నాయనా, తియ్యి. ఆయనే తియ్యమంటున్నారు" అంది.

ఆయన లాగడం లేదు, నొక్కుతున్నాడు. చూసేవాళ్లకు రెండూ ఒక్కలాగే ఉంటాయి, పట్టుకున్నదానికి తెలుస్తుంది. ఒంట్లో మిగిలిన బలమంతా ఆ అరచేతిలోకి తెచ్చుకుని నన్ను కిందికి, ఇసకలోకి నొక్కుతున్నాడు. నేను కూడా ఆ ఇసకను పట్టుకుని ఉండిపోవాలని చూశాను. ఆరోగ్యంగా ఉన్న రెండు చేతుల ముందు జబ్బు మనిషి ఒంటి చెయ్యి ఎంతసేపు ఆగుతుంది? నేను పైకి వచ్చేశాను.

"బాగా లాగినావు బావా" అని తవిటినాయుడు ఆయన తల నిమిరాడు.

స్నేహితులు వచ్చారు. మొదట్లో ఏమీ కాలేదు. చారలవాడు కొత్త చోటంతా తిరిగి చూసుకుంటున్నాడు. "గౌరీ, నీ తొట్టి రాజాలా ఉందిరా" అని మెచ్చుకుని, వాళ్లు భోజనాలకు లోపలికి వెళ్లారు. నన్ను తడితడిగా కుర్చీ చక్రానికి ఆనించి పెట్టారు. హాల్లో ఆయనా నేనూ ఇద్దరమే.

చారలవాడు ముందు గుండు తోక కొరికాడు. తర్వాత పక్క రెక్క. గుండు ఉబ్బింది. ఉబ్బిన చేప ఈదలేదు. దాక్కోవడానికి పాత గుహ కోసం ఆ మూలకు దొర్లింది. అక్కడ గుహ లేదు. రెండు రాళ్ల నడుమ ఇరుక్కుంది. చారలవాడు తొందరపడలేదు. చుట్టూ తిరిగి వచ్చి కన్ను తీశాడు.

"ఆ... ఆ... ఆ..."

ఆ అరుపుకు హైమావతి ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. నీళ్లు కావాలేమోనని తాగించబోయింది, బట్ట తడిసిందేమోనని తడిమి చూసింది. ఆయన ఎడమ చెయ్యి తొట్టి వైపు కొట్టుకుంటూనే ఉంది. "పాపం, మమ్మల్ని చూసి తట్టుకోలేకపోతున్నాడమ్మా, పడుకోబెట్టండి" అన్నాడొక స్నేహితుడు. తవిటినాయుడు కుర్చీ తిప్పాడు. కదిలే కుర్చీలోంచి ఆ చెయ్యి నన్ను అందుకుంది. గడప దాకా నన్ను నేల మీద ఈడ్చుకుంటూ పోయింది. చక్రంలో చిక్కుకుందనుకుని తవిటినాయుడు నన్ను విడిపించి గోడకు నిలబెట్టాడు.

అందరూ వెళ్లాక తవిటినాయుడు రాళ్ల మధ్య చూశాడు. నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "బావకి చెప్పకప్పా, తట్టుకోలేడు" అన్నాడు. గుండును పాత పేపర్లో చుట్టి తీసుకుపోయారు. సాయంత్రం హైమావతి మొగుడి మొహం తుడుస్తూ, "గుండు రాళ్ల వెనకాల నిద్రపోతోందండీ" అని చెప్పింది. అంతా కళ్లారా చూసిన ఆయన ఆ మాట కూడా విన్నాడు.

ఇప్పుడు నేను బాల్కనీలో ఉన్నాను. పావురాలు రాకుండా గ్రిల్లు సందులో నన్ను ఇరికించారు. ఇక్కణ్నుంచి హాలూ, గది గుమ్మంలోంచి ఆయన మంచమూ కనిపిస్తాయి. తొట్టంతా ఇప్పుడు చారలవాడిదే. హైమావతి భయపడుతూనే ఒకరోజు ఆయన చేతిలో రొయ్య పెట్టింది. ఆయన చాలాసేపు దాన్ని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత చెయ్యి చాపి నీళ్లలోకి దించాడు. వాడు రొయ్యతో పాటు వేలు కూడా కొరికాడు. రక్తం వచ్చింది. మర్నాడు మళ్లీ పెట్టాడు.

చేపను క్షమించాడు, బామ్మర్దిని క్షమించలేదు. తవిటినాయుడు ముద్ద కలిపి తెస్తే పళ్లు బిగించేవాడు. హైమావతి పెడితే తినేవాడు. అతను ఎత్తబోతే ఒళ్లు కర్రలా బిగుసుకునేది. నాకు మనుషుల మీద కోపం రావడం తక్కువ, ఈయన మీద వచ్చింది. చేప తెలియక చంపింది సరే, ఇతను మాత్రం తెలిసి చేశాడా? కానీ ఆ అరచేతి బరువు తెలిసినదాన్ని, ఆయన్ని కూడా తప్పుపట్టలేను.

నిన్న తవిటినాయుడు కంచం పట్టుకుని ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"బావా, నా సేతి ముద్ద ఎందుకు తినవు? నామీద కోపమేటి? ఆ పలక నువ్వే కదా లాగినావు."

గౌరీశ్వరరావు కళ్లు మూసుకున్నాడు. నాకు నోరంటూ ఉండాల్సింది అప్పుడే. తవిటినాయుడు లేచి, కంచం వంటింట్లో పెట్టి వచ్చి సంచి సర్దుకున్నాడు. "నన్ను చూస్తే బావకి జబ్బు ఎక్కువైపోతన్నట్టుందప్పా" అని చెప్పి విజయనగరం బస్సుకు వెళ్లిపోయాడు.

ఈ పొద్దున హైమావతి ఒక్కతే ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది.